పెట్టుబడి పంపకమునకు ఒక కొలత

పల్నాటిలోని నూజెండ్ల వంటి గ్రామములలో రైతు ఏటేటా ఒక ప్రశ్న నెదుర్కొనును: ఉన్న పొలములో ఏ పంటకు ఎంత భాగ మీయవలెను? పట్టణమున వాటాలు, బాండ్లు కొనువాని ప్రశ్నయు ఇట్టిదే. రాబోవు ధర ఇరువురకును తెలియదు.

మిరపకు మంచి ధర పలికిన మరుసటి యేడు పొలమంతయు మిరపయే వేయవలెనను ఆశ సహజము. కాని 2021 చివర నల్ల తామర పురుగు మిరప తోటలను పాడుచేసెను. 2025లో పంట చేతికి వచ్చినను ధర పడిపోయెను. ఆ ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము మార్కెటు జోక్య పథకము క్రింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటింపవలసి వచ్చెను. ఒకసారి పురుగు, ఒకసారి ధర. ఒక్క పంటనే నమ్మిన యింటికి రెండును పెద్ద దెబ్బలే.

పంపకము ఎంత సమముగా నున్నదో కొలుచుటకు 'ఎంట్రోపీ' ఉపకరించును. ఉష్ణశాస్త్రమున పుట్టిన ఈ మాటను 1948లో క్లాడ్ షానన్ అనిశ్చితికి కొలతగా సమాచార శాస్త్రమున ప్రవేశపెట్టెను. కన్నులు మూసికొని పొలములో ఒకచోట అడుగిడినచో, అచ్చటి పంట ఏదియో ఊహించుట ఎంత కష్టమో ఎంట్రోపీ అంత అధికము.

పదియెకరములను మిరప, ప్రత్తి, కంది, జొన్నలకు సమముగా పంచినచో షానన్ కొలత 2. అనగా నాలుగు పంటల బలము. ఎనిమిదిన్నర ఎకరములు మిరపకిచ్చి, తక్కిన మూడింటికి అరయెకరము చొప్పున విడిచినచో కొలత సుమారు 0.85, బలము 1.8 పంటలది. పేరునకు నాలుగు పంటలు, నిజమునకు రెండైనను కావు.

అయితే ఈ కొలత భాగములనే చూచును గాని వాని నడుమనున్న సంబంధమును చూడదు. మిరప, ప్రత్తి రెండును సాగర్ కుడి కాలువ నీటినే నమ్ముకొన్నచో, నీరు రానినాడు రెండును కలిసియే యెండును. కావున 1952లో హారీ మార్కొవిట్జ్ చూపిన లెక్కను దీనితో జోడింతురు. అది సగటు లాభమును, ఒడుదుడుకులను, ఆస్తులు కలిసి కదలు తీరును గణించును. కాని గతకాలపు అంకెలను మిక్కిలి నమ్మి, ధనమును ఒకటి రెండింటియందే కుప్పవేయుట దాని బలహీనత. ఎంట్రోపీ దానికి పగ్గము. 1957లో ఎడ్విన్ జేన్స్ ప్రతిపాదించిన గరిష్ఠ ఎంట్రోపీ సూత్రపు సారమిదియే: తెలిసినంత మేరకే మొగ్గు చూపవలెను, తెలియనిచోట సమముగా పంచవలెను.

ఇట్లు పంచినవాడు మిరప ధర పలికిన యేట పొరుగువానికంటె తక్కువ గడించును. అది జాగ్రత్తకు చెల్లించు మూల్యము. నష్టమును పూర్తిగా ఆపగల సూత్రము లేదు. ఒకచోట నష్టము వచ్చినను కౌలు, అప్పు తీర్చి మరల విత్తుటకు మిగులునా యనునదే అసలు లెక్క. శ్రోతలు తమ సంపాదనలో భూమి, బంగారము, బ్యాంకు డిపాజిట్టు, పోస్టాఫీసు పొదుపు ఏ పాళ్ళలో నున్నవో ఒక కాగితముపై వ్రాసికొని, ఒక్క ఆపదతో ఏవేవి కలిసి పడునో గుర్తించినచో, ఈ శాస్త్రమున సగము ఆచరణలోనికి వచ్చినట్లే.