ఇద్దరూ ఒకేసారి అంటే... ముందు ఎవరు?

చదరంగంలో ఈ గొడవ లేదు. ఒకరు ఎత్తు వేశాకే రెండోవారు. రమ్మీలోనూ అంతే... ఒక ముక్క తీసి, అక్కర్లేనిది పారేస్తే వంతు పక్కవారికి వెళ్లిపోతుంది. కానీ ఎదుటివాళ్ల వంతు నడుస్తుండగానే మధ్యలో మన ముక్క వేసే హక్కు ఉంటే? ఇద్దరూ ఒకే క్షణంలో వేస్తే? అప్పుడు ఎవరిది చెల్లుతుంది? పిల్లల తగువులా అనిపించే ఈ ప్రశ్నతో కార్డుల ఆటలు తయారుచేసేవాళ్లు ముప్ఫై ఏళ్లకు పైగా కుస్తీ పడుతూనే ఉన్నారు.

ఈ కుస్తీకి వేదిక 'మ్యాజిక్: ద గ్యాదరింగ్'. పిల్లలు మార్చుకునే పోకెమాన్, యు-గి-ఓ కార్డులు తెలుసుగా? వాటికి పెద్దన్న లాంటిది. దాన్ని సృష్టించిన రిచర్డ్ గార్‌ఫీల్డ్ గణితంలో డాక్టరేట్ చేసిన అమెరికన్. 1991లో తాను తయారుచేసిన వేరే ఆటను పట్టుకుని 'విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్' కంపెనీ అధిపతి పీటర్ ఆడ్కిసన్ దగ్గరికి వెళ్లాడు. అది అచ్చువేయడం తలకు మించిన ఖర్చు. దాని బదులు, సులువుగా వెంట తీసుకెళ్లగలిగేదీ, కాస్త తీరిక దొరికితే ఆడేసుకునేదీ కావాలన్నాడు ఆడ్కిసన్. అలా పుట్టిన కార్డుల ఆట 1993 ఆగస్టులో బజారులోకి వచ్చింది. ఇందులో ఇద్దరికీ ఉమ్మడి పేక ఉండదు. ఎవరి కార్డులు వాళ్లే కొనుక్కుని, ఏరి, పేర్చుకుని తెచ్చుకోవాలి. ఒక్కొక్కరికి 20 ప్రాణాలు. కార్డుల మీద వింత జీవులూ మంత్రాలూ ఉంటాయి. వాటితో ఎదుటివారి ప్రాణాలను సున్నాకి తెస్తే గెలిచినట్టు. వినడానికి ఎంత తేలిక!

తొందరపడితే ఎలుగు పోయింది

ఓ ఉదాహరణ చూద్దాం. మీ దగ్గర ఒక ఎలుగుబంటి కార్డు ఉంది. దాని బలం 2, ఓర్పు 2. అంటే రెండు దెబ్బలు తగిలితే చచ్చిపోతుంది. మీ చేతిలో 'జెయింట్ గ్రోత్' అనే మంత్రం కూడా ఉంది. అది వేస్తే ఆ వంతు పూర్తయ్యేదాకా ఎలుగు బలం, ఓర్పు మూడేసి పెరుగుతాయి. ఎదుటి మనిషి చేతిలో ఉన్నది 'లైట్నింగ్ బోల్ట్'... పిడుగు. ఒకేసారి మూడు దెబ్బలు.

ఆయన ముందు పిడుగు వేశాడు. అది తగిలేలోగా మీరు జవాబుగా మీ మంత్రం వేశారు. ఎలుగు ఓర్పు అయిదుకి పెరిగింది. తర్వాత పిడుగు పడింది, మూడు దెబ్బలు తిని ఒళ్లు దులుపుకుంది. ఇప్పుడు తిరగేయండి. మీరే ఉత్సాహం ఆపుకోలేక ముందుగా మంత్రం వేశారు. అది పనిచేసేలోగా ఆయన జవాబుగా పిడుగు వేశాడు. ఎలుగు ఇంకా పెరగలేదు కదా... మూడు దెబ్బలకి అక్కడికక్కడే చచ్చింది. మీ మంత్రం గాల్లో కలిసిపోయింది.

అవే కార్డులు, అదే ఎలుగు. మారింది వరస ఒక్కటే. ముందు వేసినవాళ్లు నష్టపోయారు. ఈ ఆటలో సగం నైపుణ్యం మంచి కార్డు ఉండటంలో కాదు, దాన్ని ఎంతసేపు దాచి ఉంచగలరన్నదాంట్లో ఉందంటే అతిశయోక్తి కాదు.

పళ్లాల దొంతర

పై లెక్క ఇంత శుభ్రంగా ఉన్నది 1999 నుంచే. మొదటి ఆరేళ్లూ గందరగోళం. మంత్రాల్లో 'ఇన్‌స్టంట్' అని ఒక రకం, దానికంటే వేగంగా పనిచేసే 'ఇంటరప్ట్' అని ఇంకో రకం. వేసిన మంత్రాలన్నీ ఒక గుంపుగా చేరేవి. గుంపు పనిచేయడం మొదలైందంటే చాలు, మధ్యలో ఎవరూ కొత్తగా వేలు పెట్టడానికి వీల్లేదు. దెబ్బలను అడ్డుకునే మంత్రాలకు మళ్లీ విడిగా ఒక సమయం. విచిత్రం ఏమిటంటే, ప్రాణాలు సున్నాకి పడిపోయినా వెంటనే ఓడినట్టు కాదు. ఆ దశ ముగిసేలోగా ఏదో ఒకటి చేసి ప్రాణాలు పెంచుకుంటే బతికిపోయేవారు!

స్నేహితులు నలుగురూ కూర్చుని ఆడుకున్నంతకాలం సర్దుకుపోవచ్చు. కానీ 1996లో న్యూయార్క్‌లో నగదు బహుమతులతో 'ప్రొ టూర్' పోటీలు మొదలయ్యాయి. డబ్బు వచ్చాక 'నేనే ముందు వేశాను' అన్న మాట తగువు స్థాయి దాటిపోయింది. బల్లల మధ్య తిరిగే జడ్జీలకు కచ్చితమైన నిబంధన కావాలి.

1999లో 'సిక్స్త్ ఎడిషన్' కార్డులతో పాటు నిబంధనలనూ తిరగరాశారు. ఇంటరప్ట్‌లకు మంగళం పాడి, అన్నిటికీ ఒకే పద్ధతి పెట్టారు. దాని పేరు 'స్టాక్'. ఇంట్లో సాఫ్ట్‌వేర్ చదువుతున్న పిల్లలుంటే అడగండి, వెంటనే చెబుతారు. లేదంటే వంటింట్లోకి వెళ్లి చూడండి. కడిగిన పళ్లాలను ఒకదాని మీద ఒకటి పేరుస్తాం. వాడేటప్పుడు ఆఖరున పెట్టిన పళ్లెం ముందు చేతికొస్తుంది. ఇదీ అంతే. చివర వేసిన కార్డు ముందు పనిచేస్తుంది, ఆ తర్వాత దాని కిందిది. పైగా ఒక్కో పళ్లెం తీయడానికి ముందు ఇద్దరూ 'నేనేమీ వేయడం లేదు' అని ఒప్పుకోవాలి. ఏ ఒక్కరు కాదన్నా దొంతర ఇంకాస్త పెరుగుతుంది.

ఇక్కడా ఒక చిక్కు మిగిలింది. జీవులు కొట్టుకున్నప్పుడు తగిలే దెబ్బలు కూడా ఈ దొంతరలోనే చేరేవి. 'మాగ్ ఫనాటిక్' అని ఓ బుడ్డ జీవి ఉంది. బలం 1, ఓర్పు 1. దాన్ని బలిస్తే ఎవరికైనా ఒక దెబ్బ తగులుతుంది. తెలివైనవాళ్లు ఏం చేసేవారంటే, దాన్ని మన ఎలుగు మీదికి పంపి, దాని దెబ్బ దొంతరలో చేరేదాకా ఆగి, అప్పుడు బలిచ్చేవారు. చచ్చిన జీవి దెబ్బ ఒకటి, బలి దెబ్బ ఇంకొకటి... రెండూ తగిలి ఎలుగు ఖతం! చచ్చాక కూడా కొట్టడమేమిటని కొత్తగా నేర్చుకునేవాళ్లు నోరెళ్లబెట్టేవారు. 2009 జులైలో ఈ పద్ధతిని ఎత్తేశారు. పోట్లాడే దెబ్బలు ఇప్పుడు నేరుగా తగులుతాయి. పాత ఆటగాళ్లలో కొందరికి మాత్రం తమ చేతిలోని విద్యనెవరో లాక్కున్నట్టే అనిపించింది.

తొండి లేకుండా ఎలా?

ఒకరి తర్వాత ఒకరు వేసే కార్డుల సంగతి దొంతరతో తేలిపోయింది. మరి నిజంగానే ఇద్దరూ ఒకేసారి ఎంచుకోవాల్సి వస్తే? ఆటకు ముందు పిల్లలు పంటలు వేసుకోవడం అందరికీ తెలిసిందే. ముగ్గురూ చేతులు ఊపి, అరచేతిని పైకో కిందికో ఒకేసారి పెట్టాలి. ఎవడో ఒకడు అర క్షణం ఆగి, మిగతా ఇద్దరివీ చూసి తన చెయ్యి తిప్పేస్తాడు. 'తొండి తొండి' అని గొడవ. ఆ అర క్షణాన్ని ఎవరు కొలుస్తారు?

కొలవలేమని మ్యాజిక్ ముందే ఒప్పేసుకుంది. ఎంపిక ఒకరి తర్వాత ఒకరిది, ఫలితం మాత్రం ఇద్దరికీ ఒక్కసారే... ఇదీ సూత్రం. ఎవరి వంతు నడుస్తోందో వాళ్లు ముందు ఎంచుకోవాలి, తర్వాత రెండోవాళ్లు. ఆటగాళ్లు దీన్ని ముద్దుగా 'యాప్‌న్యాప్' అంటారు. ఉదాహరణకు 2001లో వచ్చిన 'ఇన్నోసెంట్ బ్లడ్' వేస్తే ఇద్దరూ తమ జీవుల్లో ఒక్కోదాన్ని బలివ్వాలి. వంతు ఉన్నవాళ్లు ఫలానాదని చూపిస్తారు. అది చూశాక రెండోవాళ్లు తీరిగ్గా తమది ఎంచుకుంటారు. ఆ తర్వాతే రెండూ ఒకేసారి పోతాయి. అంటే చివర ఎంచుకునేవాళ్లకే కాస్త లాభం. వంతు చేతిలో ఉండటమే పెద్ద లాభం కాబట్టి, ఈ చిన్న మొగ్గు అటువైపు ఉండటం న్యాయంగానే తోస్తుంది.

చేతిలోని కార్డుల విషయంలో మాత్రం ఇంత ధారాళం లేదు. 2011 నాటి 'లిలియానా ఆఫ్ ద వెయిల్' కార్డు ఇద్దరినీ చెరో కార్డు పారేయమంటుంది. ముందు ఎంచుకునేవాళ్లు దాన్ని బోర్లించే ఉంచొచ్చు. ఏది ఎంచుకున్నారో తేలేలా పక్కకి పెడితే చాలు. రెండోవాళ్లు కూడా ఎంచుకున్నాక రెండూ కలిపి పారేస్తారు. ఇక 2002లో వచ్చిన 'మెనేసింగ్ ఓగర్' అయితే అచ్చంగా గుట్టు వేలంపాటే. ఇద్దరూ మనసులో చెరో అంకె అనుకోవాలి. రెండూ బయటపెట్టాక పెద్ద అంకె చెప్పినవాళ్లు అన్ని ప్రాణాలు పోగొట్టుకుంటారు. ఆ రాక్షసుడి యజమానే పెద్ద అంకె చెబితే రాక్షసుడు ఇంకా బలుస్తాడు. తర్వాత మాట మార్చకుండా అంకెను కాగితం మీద రాసుకోవడం మంచిది. ఎంత పెద్ద ఆటైనా చివరికి చీటీ, పెన్నూ కావాల్సి వచ్చింది చూడండి!

చావూ బతుకూ ఒకే క్షణంలో

ఈ వరస ప్రాణాల మీదికి తెచ్చే సందర్భాలూ ఉన్నాయి. 'బ్లడ్ ఆర్టిస్ట్' అనే కార్డు ఉంటే, ఏ జీవి చచ్చినా ఎదుటివారికి ఒక ప్రాణం తగ్గించి, మీకు ఒకటి కలపొచ్చు. ఇద్దరి దగ్గరా ఆ కార్డే ఉంది, ఇద్దరికీ మిగిలింది ఒక్కో ప్రాణమే. ఇంతలో ఒక జీవి చచ్చింది. రెండు కార్డులూ ఒకేసారి మేల్కొన్నాయి. గెలుపెవరిది? వంతు ఉన్నవాళ్ల శక్తి దొంతరలో ముందు చేరుతుంది, రెండోవాళ్లది దాని పైన కూర్చుంటుంది. పై పళ్లెమే ముందు కదా... వంతు ఉన్నవాళ్లే ఓడిపోతారు. తన వంతులో ఆ జీవిని చంపాలా వద్దా అని పది సార్లు ఆలోచించుకోవాల్సింది అందుకే.

నిజంగా ఇద్దరి ప్రాణాలూ ఒకేసారి సున్నాకి పడితే? 'ఎర్త్‌క్వేక్' అనే భూకంపం కార్డు ఇద్దరినీ ఒకే దెబ్బతో కొడుతుంది. అప్పుడు ఇద్దరూ ఓడినట్టే, ఆట డ్రా. ఎలాగూ ఓడిపోతానని తెలిసినవాళ్లకు అది ఆఖరి అస్త్రం.

జపాన్ వాళ్ల యు-గి-ఓ వేరే దారి పట్టింది. కజుకి తకహాషి 1996లో మొదలుపెట్టిన బొమ్మల కథలోంచి వచ్చిన ఈ ఆటను కొనామి 1999 నుంచి కార్డులుగా అమ్ముతోంది. ఇందులోనూ చివరి కార్డే ముందు పనిచేస్తుంది. కాకపోతే కార్డులకు ఒకటి నుంచి మూడు దాకా వేగాలున్నాయి. నెమ్మదైన కార్డు వేగమైనదానికి జవాబు కాలేదు. ఒకేసారి చాలా కార్డులు మేల్కొంటే, తప్పనిసరిగా జరగాల్సినవి ముందు, ఇష్టమైతే వాడుకునేవి తర్వాత. వీటన్నిటికన్నా పిల్లలను ఏడిపించేది 'సమయం తప్పడం'. ఇష్టమైతే వాడుకునే శక్తి ఉన్న కార్డు మీద ఇంగ్లిషులో 'వెన్' అని రాసి ఉంటే, ఆ సంఘటన అన్నిటికంటే ఆఖరున జరిగి ఉండాలి. దాని వెనకే ఇంకేదైనా జరిగితే అవకాశం పోయినట్టే. అదే 'ఇఫ్' అని ఉంటే ఫర్వాలేదు. ఒక్క చిన్న మాట తేడా!

పోకెమాన్ మాత్రం గొడవ మూలాన్నే కోసేసింది. సాధారణంగా ఎదుటివారి వంతులో మీరు కార్డు వేయడానికి లేదు. ఆట మొదట్లో ఇద్దరూ తమ మొదటి జీవిని బోర్లించి పెట్టి, ఆ తర్వాతే తిప్పుతారు. చిన్నపిల్లల ఆటగా అది అంతగా నిలదొక్కుకోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

ఒక్క మాటకి

నిబంధన ఎంత పకడ్బందీగా ఉన్నా ఆడేది నోటితోనే. ప్రతి అడుగులో 'వేస్తారా, వేయరా' అని అడుగుతూ కూర్చుంటే ఆట తెల్లారదు. అందుకే పోటీల్లో కొన్ని అడ్డదారి మాటలకు అధికారిక అర్థాలు రాసిపెట్టారు. 2016లో భారతీయ ఛాయలతో వచ్చిన 'కళాదేశ్' కార్డుల్లో వాహనాలు ఉన్నాయి. దాడికి ముందే జీవులను ఎక్కిస్తే తప్ప అవి కదలవు. 2017లో ఒక ప్రొ టూర్ పోటీలో ఓ ఆటగాడు 'కంబాట్' అన్నాడు. అవతలివారు సరేనన్నారు. అతను అప్పుడు వాహనాన్ని సిద్ధం చేయబోతే జడ్జీలు ఆపేశారు. ఆ మాట అన్నాక అడుగు దాటిపోయిందన్నది నిబంధన. పుస్తకం ప్రకారం జడ్జీలదే ఒప్పు. కానీ చూసినవాళ్లలో చాలామందికి మింగుడుపడలేదు. ఆ ఏడాదే నిబంధనను సడలించారు.

ఈ వరసల మీద లెక్కల పండితులకూ కన్నుపడింది. ఎవరికీ ఎంపికే లేకుండా, తప్పనిసరి శక్తులు ఒకదాన్నొకటి మేల్కొలుపుకుంటూ పోయేలా కార్డులు పేరిస్తే, అవి అచ్చం కంప్యూటర్‌లా లెక్కలు చేయగలవని 2019లో అలెక్స్ చర్చిల్, స్టెల్లా బిడర్మన్, ఆస్టిన్ హెరిక్ నిరూపించారు. అలాంటి ఆటల్లో గెలుపెవరిదో ముందే తేల్చిచెప్పే లెక్క ఏదీ ఉండదు.

కంప్యూటర్‌లో ఆడితే తగువే ఉండదనుకుంటాం. 2019లో పూర్తిస్థాయిలో విడుదలైన 'మ్యాజిక్ అరీనా'లో వరస తప్పే అవకాశం లేదు. యంత్రమే అన్నీ చూసుకుంటుంది. అయితే ఒక తిరకాసు ఉంది. మీ చేతిలో వేయదగిన కార్డు లేకపోతే యంత్రం ఆగకుండా ముందుకు పోతుంది. ఉంటే మీ జవాబు కోసం ఒక క్షణం ఆగుతుంది. ఆ ఆగడాన్ని బట్టే ఎదుటివారు మీ చేతిలో ఏదో ఉందని పసిగట్టేస్తారు. అందుకే కొందరు ప్రతి అడుగులోనూ యంత్రం తమను అడిగేలా మార్చుకుని, చేతిలో ఏమీ లేకపోయినా కావాలనే కాసేపు ఆగుతుంటారు.