కోశగ్రంథములు, ఎక్స్‌.ఎం.ఎల్‌. పఠనము : సింపుల్ ఎక్స్‌.ఎం.ఎల్‌. లైబ్రరీ బలాబలములు

కోశగ్రంథములను కంప్యూటరున కెక్కించు పనిలో రెండు దశలు కలవు. గ్రంథపాఠమును తగిన గుర్తులతో లిఖించుట మొదటిది. అట్లు లిఖించిన దానిని ప్రోగ్రాముచేత చదివించి కావలసిన భాగమును వెలికి తీయుట రెండవది. మొదటి దశయందు పండితులు శ్రద్ధ వహింతురు. రెండవది ప్రోగ్రాము వ్రాయువాని పని యని విడిచిపెట్టుదురు. అచ్చుతప్పులేక లిఖింపబడిన పాఠము సైతము ఈ రెండవ దశయందు చెడిపోవచ్చును; చెడిన సంగతి యెవ్వరికిని తెలియకపోవచ్చును. అందుచే పఠన సాధనముల స్వభావము కోశపరిష్కర్తలకు సైతము తెలిసియుండుట యవసరము.

ఎక్స్‌.ఎం.ఎల్‌. అనునది పాఠమునకు గుర్తులు పెట్టు పద్ధతి. 1986లో అంతర్జాతీయ ప్రమాణముగా వెలువడిన ఎస్‌.జి.ఎం.ఎల్‌. అను విస్తృతమైన పద్ధతిని సంక్షేపించి, 1998 ఫిబ్రవరి 10వ తేదీన దీనిని ప్రమాణముగా ప్రకటించిరి. ఇందు ప్రతి భాగమునకును ఆరంభమున నొక గుర్తు, అంతమున నొక గుర్తు ఉండును. ఒక భాగములో వేరొక భాగము పూర్తిగా ఇమిడియుండవలెనే గాని సగము లోపల, సగము వెలుపల ఉండరాదు. గుర్తుల పేర్లు తెలుగు లిపిలో నుండుటకు సైతము అభ్యంతరము లేదు. ఉదాహరణమునకు ఒక మండలమును గూర్చిన చిన్న వివరము నిట్లు వ్రాయవచ్చును:

<మండలము పేరు="రావికమతం"><జిల్లా>అనకాపల్లి</జిల్లా><నియోజకవర్గము>చోడవరం</నియోజకవర్గము></మండలము>

(2022 ఏప్రిల్ 4వ తేదీకి పూర్వము వ్రాసినచో జిల్లా స్థానమున విశాఖపట్నము అని యుండెడిది. మార్పవలసినది ఆ యొక్క భాగమే; తక్కినది కదలదు.)

ఇట్టి దానిని చదువుటకు తొలుత రెండు మార్గములుండెను. పాఠమును మొదటినుండి చదువుచు ప్రతి గుర్తు వచ్చినప్పుడెల్ల ప్రోగ్రామునకు తెలియజేయు మార్గము ఒకటి. మొత్తము పాఠమును వృక్షాకారమున నిలిపి కొమ్మకొమ్మకును దారి చూపు ‘డామ్’ అను మార్గము మరియొకటి. రెండును సమర్థములే గాని, జిల్లా పేరు తెలిసికొనుటకే పెక్కు పంక్తులు వ్రాయవలసి వచ్చెడిది. ఈ క్లేశమును తొలగించుటకై 2004 జూలైలో వెలువడిన పి.హెచ్‌.పి. అయిదవ సంస్కరణమున సింపుల్ ఎక్స్‌.ఎం.ఎల్‌. అను లైబ్రరీని చేర్చిరి. ఇది ప్రతి భాగమును ఒక ఆబ్జెక్టుగా చూపును. పైని వివరమును చదివించిన పిమ్మట $మండలము->జిల్లా అని వ్రాసినచో ‘అనకాపల్లి’ యనియు, $మండలము['పేరు'] అని వ్రాసినచో ‘రావికమతం’ అనియు లభించును.

తర్కశాస్త్ర పరిచయము గలవారికి ఈ వ్యవస్థ సుబోధము. మండలము అవయవి, జిల్లా, నియోజకవర్గము దాని అవయవములు, పేరు దానిని ఆశ్రయించియున్న గుణము. అవయవములకు బాణపు గుర్తును, గుణములకు చదరపు కుండలీకరణమును వాడుదురు. గంటసేపు అభ్యసించినచో చాలును. తాళపత్ర గ్రంథముల పట్టికలు, గ్రంథాలయ సూచికలు, విద్యార్థుల జాబితాలు మొదలగు వానికి ఇంతకంటె సుఖమైన సాధనము అక్కరలేదు. గ్రంథనామము, కర్త, లిపి, పత్రసంఖ్య అను భాగములు దేని గడిలో అది యుండును. ఏది ముందు చదివినను అర్థము మారదు.

కోశములోని ఆరోపము అట్టిది కాదు. అందు వాక్యము నడుచుచుండగా మధ్యలో గుర్తులు వచ్చును. ఈ కల్పితోదాహరణమును చూడుడు:

<అర్థము>చెట్టు, <చూడు>వృక్షము</చూడు> అను మాటకు పర్యాయము</అర్థము>

ఇందలి అర్థమును పాఠముగా ఇమ్మని సింపుల్ ఎక్స్‌.ఎం.ఎల్‌.ను అడిగినచో ‘చెట్టు, అను మాటకు పర్యాయము’ అని మాత్రమే వచ్చును. లోపలి భాగమునందున్న ‘వృక్షము’ జారిపోవును. ఏలయన ఆ లైబ్రరీ ఒక భాగమునకు నేరుగా చెందిన అక్షరములనే దాని పాఠముగా నెంచును. అవయవముల లోపలి అక్షరములు అవయవములవే. ఇది దోషము కాదు, నియమము. కాని నియమము తెలియనివానికి ప్రోగ్రాము ఎట్టి హెచ్చరికయు చేయదు. ఆరోపములు వేలకొలది యున్న కోశమున ఈ లోపమును కంటితో పట్టుకొనుట దుర్ఘటము.

అమరకోశ విషయమున చిక్కు ఇంకను సూక్ష్మము. అమరసింహుడు లింగములను ప్రతిపదమునకు విడిగా చెప్పలేదు. ప్రాయికముగా రూపభేదముచేతను, కొన్నిచోట్ల ప్రక్కనున్న పదముతోడి సాహచర్యముచేతను, మరికొన్నిచోట్ల విశేషవిధిచేతను తెలిసికొనవలెనని గ్రంథారంభముననే పరిభాష చేసెను. ‘తు’ శబ్దము చివర గలవియు, ‘అథ’ శబ్దము మొదట గలవియు పూర్వపదములతో చేరవనియు చెప్పెను. అనగా ఏ పదము దేని ప్రక్కనున్నదను సంగతియే ఇందు అర్థసాధకము. ఒక పరిష్కర్త నామములకు మాత్రము <పదము> అను గుర్తు పెట్టి, ‘అథ’, ‘తు’ శబ్దములు నామములు కావని గుర్తులేకయే మధ్యలో విడిచెననుకొందము. పదములన్నింటిని ఇమ్మన్నప్పుడు లైబ్రరీ వానిని వరుసగనే యిచ్చును, కాని నడుమనున్న ‘అథ’ రాదు. ఒక అర్థమునకు చెందిన నామములు ముగిసి వేరొక అర్థమునకు చెందినవి ఆరంభమగు ఎల్ల చెరిగిపోయి, రెండు గణములు ఒక్కటియైపోవును. గురుబాలప్రబోధికతో అమరమును చదివిన బాలుడు చేయని తప్పును యంత్రము చేయును.

పెర్ల్ భాషలోని ఎక్స్‌.ఎం.ఎల్‌. సింపుల్ అను లైబ్రరీ పేరున దీనికి దగ్గరదైనను, మరింత జాగ్రత్త కోరును. అది పాఠమును పట్టికలుగా మార్చివేయుటచే భిన్నములైన భాగముల పరస్పరక్రమము నిలువదు. పైగా ఒక పదమునకు అర్థమొకటే యున్నచో ఒక తీరుగను, రెండున్నచో వేరొక తీరుగను ఇచ్చును. ఎల్లప్పుడును జాబితాగనే ఇమ్మని ముందుగా చెప్పవలెను. క్రొత్త పనులలో దానిని వాడవద్దని దాని వివరణ పత్రమే నేడు సలహా ఇచ్చుచున్నది. పి.హెచ్‌.పి. లైబ్రరీకి ఈ దోషము లేదు. అది పైకి ఆబ్జెక్టులను చూపుచున్నను లోపల మూలవృక్షమును చెరపదు. కావున అవసరమైన చోట ఆ భాగమునే డామ్ మార్గమునకు అప్పగించి, నడుమనున్న అక్షరములను క్రమము తప్పకుండ చదువవచ్చును.

వేదాధ్యయన సంప్రదాయమున సంహితను పదములుగా విడదీయుటతో ఊరకుండలేదు. క్రమ, జటాది పాఠములచే ప్రతి పదమును దాని పొరుగుతో కట్టి నిలిపిరి. కోశములను విడదీయు సాధనమునకు సైతము అట్టి కట్టు ఉండవలెను. ‘అథ’ వంటి శబ్దములకు కూడ ప్రత్యేకమైన గుర్తు పెట్టుట, పర్యాయగణమునంతటిని ఒక భాగముగా చుట్టుట, లింగమును గుణముగా వ్రాయుట అను మూడును చేసినచో సులభమైన లైబ్రరీయే చాలును. కాని లింగనిర్ణయము వ్యాఖ్యానాధీనము గనుక ఏ వ్యాఖ్య ననుసరించి వ్రాసిరో అదియు పేర్కొనవలెను. ఈ పని ప్రోగ్రాము వ్రాయువానిది కాదు, పండితునిది. హైదరాబాదు విశ్వవిద్యాలయ సంస్కృతాధ్యయన శాఖకు చెందిన శివజా నాయర్, అంబా కులకర్ణి గారలు 2010లో ప్రకటించిన అమరకోశ పరిశీలనమున పర్యాయత్వముతో పాటు అవయవావయవిభావము, పరాపరజాతి, స్వస్వామిభావము మొదలగు సంబంధములను స్పష్టముగా పేర్కొని చూపుట ఈ దిశలో గమనింపదగినది.

పెద్ద కోశములకు వేరొక పరిమితి కలదు. సింపుల్ ఎక్స్‌.ఎం.ఎల్‌. మొత్తము పాఠమును ఒక్కమారుగా కంప్యూటరు స్మృతిలోనికి తెచ్చుకొనును. కొలోన్ విశ్వవిద్యాలయము వారు ఎక్స్‌.ఎం.ఎల్‌. రూపమున సిద్ధపరచిన మోనియర్ విలియమ్స్ నిఘంటువు (1899 ముద్రణము) వంటి లక్షకు మించిన ఆరోపములు గలవానిని ఎక్స్‌.ఎం.ఎల్‌. రీడర్ అను సాధనముచే ఒక్కొక్క ఆరోపముగా తీసికొని, ఆ యొక్కదానిని మాత్రము ఆబ్జెక్టుగా మార్చుట మేలు.

ఏ మార్గమవలంబించినను పరీక్ష యొకటే. చదివిన ఆబ్జెక్టులనుండి పాఠమును మరల కూర్చి, గుర్తులు తొలగించిన మూలముతో అక్షరాక్షరము సరిపోల్చవలెను. మొదటి వర్గముతో ఈ పరీక్ష జరిపి సరిపోయిన పిమ్మటనే తక్కిన వర్గములకు పోవుట యుక్తము.