తోకాడించే పిల్లే తగిన పిల్లా?

జంతు సంరక్షణ కేంద్రానికి, అంటే వాడుకలో షెల్టర్‌కు, కుక్కపిల్లను దత్తత తీసుకోవడానికి వెళ్లే కుటుంబాలు ఎక్కువగా రెండు రకాల పిల్లల దగ్గర ఆగిపోతాయి: తోకాడిస్తూ అన్నింటికంటే ముందు ఉరికివచ్చినది ఒకటి, మూలకు నక్కి జాలి పుట్టించేది మరొకటి. ఈ రెండు ఎంపికలకూ ఆధారం పది నిమిషాల ప్రవర్తనే; తెచ్చుకునే జీవి మాత్రం పదేళ్లకు పైగా ఇంట్లో ఉండేది. కడుపు నిండిన పిల్ల మందకొడిగానూ ఆకలితో ఉన్న పిల్ల హుషారుగానూ కనిపించడం సహజం కనుక, ఉదయం వెళ్లినవారు, సాయంత్రం వెళ్లినవారు ఒకే ఈతలో వేర్వేరు పిల్లలను చురుకైనవిగా గుర్తించినా ఆశ్చర్యపడనక్కరలేదు.

ఈ పది నిమిషాల చూపునకు ఒక పద్ధతి కల్పించే ప్రయత్నంగా పాశ్చాత్య దేశాల్లో ‘పప్పీ టెస్ట్’ పుట్టింది. ఏడు వారాల పిల్లను కొత్త గదిలో వదిలి పిలవడం, వెల్లకిలా పడుకోబెట్టి కాసేపు పట్టుకోవడం, పక్కన చప్పుడు చేయడం వంటి చిన్న పరీక్షలతో దాని భావి స్వభావాన్ని అంచనా వేసే విధానమిది. వియన్నా పరిశోధకులు బోర్డర్ కోలీ పిల్లలను పుట్టిన కొద్ది రోజులకు, ఆరేడు వారాల వయసులో, మళ్లీ ఏడాదిన్నర దాటాక పరిశీలించి 2014లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, కొత్త చోటును వెతికి చూసే ఉత్సాహం ఒక్కటి మినహా చిన్ననాటి తీరుకూ పెద్దయ్యాక తీరుకూ చెప్పుకోదగ్గ పొంతన లేదు. జాతిని బట్టి గుణాన్ని ఊహించడం కూడా అంతే బలహీనమైన ఆధారం: 18 వేలకు పైగా కుక్కల సమాచారంతో 2022లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన అధ్యయనం, కుక్కకూ కుక్కకూ మధ్య ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతితో ముడిపడినవి సుమారు 9 శాతమేనని తేల్చింది. తండ్రి ఎవరో తెలియని షెల్టర్ పిల్ల విషయంలో ‘ఇందులో లాబ్రడార్ పోలిక ఉంది’ అన్న మాటకు ఎంత విలువ ఇవ్వాలో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

పరిశీలించవలసింది ఆ పిల్ల ఇప్పటిదాకా గడిపిన వారాలను. అమెరికాలోని బార్ హార్బర్‌లో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ ఏళ్ల తరబడి సాగించి 1965లో గ్రంథంగా ప్రచురించిన పరిశోధన, కుక్కపిల్ల జీవితంలో సుమారు మూడో వారం నుంచి పన్నెండో వారం వరకు ఉండే దశను వేరుగా గుర్తించింది. సాంఘికీకరణ దశగా పిలిచే ఈ కాలంలో పిల్ల ఎవరిని చూస్తుందో, ఏ చప్పుళ్లు వింటుందో, ఏ చేతుల స్పర్శ ఎరుగుతుందో అవన్నీ దానికి మామూలు ప్రపంచంగా స్థిరపడతాయి; ఆ తరువాత ఎదురైనది కొత్తది, కాబట్టి భయపెట్టేది అవుతుంది. అక్కడే 1961లో వెలువడిన ఒక ప్రయోగంలో, ఎత్తయిన కంచె ఉన్న మైదానంలో పెరిగే పిల్లలను వేర్వేరు వయసుల్లో ఒక్కో వారం మనుషుల మధ్య ఉంచి చూడగా, పద్నాలుగు వారాలు నిండేదాకా మనిషి సాంగత్యం లేకుండా ఉన్న పిల్లలు ఆ తరువాత ఎంత దగ్గరకు తీసినా బెదురు వదల్లేదు. అంతకంటే ముందే ఒక వారమైనా మనుషుల మధ్య గడిపినవి, ముఖ్యంగా ఐదు నుంచి తొమ్మిది వారాల మధ్య గడిపినవి, మనిషికి చక్కగా మచ్చికయ్యాయి. నాలుగు నెలల పిల్ల మూల నక్కి ఉంటే దాన్ని జాలితోనే బాగుచేయగలమన్న నమ్మకాన్ని ఈ ఫలితం గట్టిగానే ప్రశ్నిస్తుంది. అనుభవం, ఓపిక, తీరిక ఉన్న ఇల్లు అటువంటి పిల్లను తప్పక తీసుకోవచ్చు. మొదటిసారి కుక్కను పెంచబోయే ఇల్లు మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి.

తెలుగు నగరాల షెల్టర్లలోని పిల్లలు ఎక్కువగా వీధిలో పుట్టినవే. 1992లో అక్కినేని అమల స్థాపించిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ వంటి సంస్థలు ఎంతోకాలంగా వీటికి ఇళ్లు వెతుకుతున్నాయి. 2025 ఆగస్టులో జీహెచ్ఎంసీ సైతం జలగం వెంగళరావు పార్కులో వీధి కుక్కపిల్లల దత్తత మేళా నిర్వహించింది. వీధిలో పుట్టిన పిల్ల బతుకు ఎంత పలచనిదో కోల్‌కతాలోని ఐసర్ పరిశోధకులు 2016లో చూపారు: వారు గమనించిన 364 పిల్లల్లో, పిల్లలు పెట్టే వయసు వరకు, అంటే సుమారు ఏడు నెలల వరకు, మిగిలినవి 19 శాతం మాత్రమే. అందువల్ల షెల్టర్ సిబ్బందిని మొదట అడగవలసింది పిల్ల పేరు, రంగు కాదు. అది ఎక్కడ దొరికింది, ఏ వయసులో దొరికింది, అప్పుడు తల్లి, తోబుట్టువులు వెంట ఉన్నాయా, ఇక్కడికి వచ్చాక రోజూ ఎవరైనా ఎత్తుకుని మచ్చిక చేస్తున్నారా అన్న సంగతులు తెలుసుకోవాలి. ఎనిమిది వారాలు నిండకముందే తల్లి నుంచి విడిపోయిన పిల్లకు, ఆటలో గట్టిగా కరిస్తే తోబుట్టువు కుయ్యిమని ఆట మానేస్తుందన్న పాఠం అందదు. కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో వచ్చిన కేంద్ర నిబంధనలు ఎనిమిది వారాల లోపు పిల్లల విక్రయాన్ని నిషేధించాయి. దత్తతకూ ఆ వయసునే హద్దుగా పాటించడం మేలు.

వయసు విషయంలో మాట మీద ఆధారపడనక్కరలేదు, నోరు చూస్తే చాలావరకు తెలుస్తుంది. మూడో వారం నుంచి మొలిచే పాలపళ్లు రెండు నెలలకల్లా 28 పూర్తవుతాయి. సూదుల్లాంటి ఆ పళ్ల నడుమ, ముందు వరుసలో వెడల్పాటి కొత్త పన్ను కనిపిస్తే పిల్లకు మూడున్నర, నాలుగు నెలలు వచ్చాయని అర్థం. పళ్లు చూసేటప్పుడే పెదవి ఎత్తి చిగుళ్లను గమనించాలి. ఆరోగ్యంగా ఉన్న పిల్ల చిగుళ్లు తడిగా, గులాబీ రంగులో ఉంటాయి, వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి రెండు సెకన్లలోపే రంగు తిరిగివస్తుంది. పాలిపోయిన చిగుళ్లు రక్తహీనతకు గుర్తు. అటువంటప్పుడు చెవి మడతల్లో, కాలివేళ్ల సందుల్లో గోమార్ల కోసం వెతకాలి, ఎందుకంటే రక్తం పీల్చే ఈ పురుగులే టిక్ ఫీవర్ అనే ప్రమాదకరమైన జ్వరాన్ని మోసుకొస్తాయి. పక్కటెముకలు తేలి పొట్ట మాత్రం కుండలా ఉబ్బి ఉంటే అది తిండి పుష్టి కాదు, తల్లి కడుపులోనే సంక్రమించగల ఏలికపాముల లక్షణం. మందుతో నయమయ్యేదే కనుక ఆ ఒక్క కారణంతో పిల్లను కాదనవలసిన పని లేదు. మోచేతుల దగ్గర, చెవి అంచుల్లో బొచ్చు ఊడి విపరీతంగా గోక్కుంటుంటే అది గజ్జి కావచ్చు, మనుషుల చర్మానికీ దురద అంటించవచ్చు.

వీటన్నిటికంటే భయపడవలసింది పార్వో. 1978 ప్రాంతంలో ప్రపంచమంతటా వ్యాపించిన ఈ వైరస్ పేగుల పొరను దెబ్బతీసి నెత్తుటి విరేచనాలు, వాంతులతో పిల్లను రోజుల వ్యవధిలో చంపగలదు. సోకిన తరువాత లక్షణాలు బయటపడడానికి వారం, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది కాబట్టి, ఈరోజు గెంతులేస్తున్న పిల్ల ఒంట్లో వ్యాధి లేదని చెప్పలేం. అదే గదిలో ఇటీవల ఏ పిల్లకైనా పార్వో వచ్చిందా అని సూటిగా అడగాలి, దాచకుండా జవాబిచ్చే షెల్టర్‌ను గౌరవించాలి. ఆరేడు వారాల నుంచి మొదలుపెట్టి మూడు, నాలుగు వారాలకొకసారి పదహారో వారం వరకు టీకా వేయించడానికి కారణం, తల్లి ముర్రుపాలతో వచ్చిన రక్షక పదార్థాలు తొలి టీకాలను పనిచేయనివ్వకపోవడం, అవి ఎప్పుడు తరిగిపోతాయో ఒక్కో పిల్లకు ఒక్కో తీరుగా ఉండడం. ఈ వైరస్ నేలలో నెలల తరబడి బతికి ఉంటుంది. పార్వోతో కుక్క చనిపోయిన ఇంటికి టీకాలు పూర్తికాని పిల్లను తేకూడదు, టీకాలు పూర్తయిన పెద్ద కుక్కను తెచ్చుకోవచ్చు.

రేబిస్ టీకా సాధారణంగా మూడు నెలలు నిండాకే వేస్తారు. అంతకంటే చిన్న పిల్ల, అందులోనూ గతం తెలియనిది, ఆటలోనే అయినా రక్తం వచ్చేలా గీరితే, గాయాన్ని పదిహేను నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. పసికూనకు రేబిస్ ఏమిటన్న ధీమా ప్రాణాంతకమైనది.

ఇంటి సంగతి చూస్తే, భార్యాభర్తలిద్దరూ ఉదయం ఆఫీసుకు వెళ్లి రాత్రికి చేరే ఫ్లాట్‌లో రెండు నెలల పిల్ల పగలంతా ఒంటరిగా ఉండలేదు. దానికి రోజుకు మూడు నాలుగు సార్లు తిండి, గంట గంటకూ బయటికి తీసుకువెళ్లే మనిషి కావాలి. అపార్ట్‌మెంట్ సంఘాలు కుక్కలను నిషేధించరాదని జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల్లో చెప్పినా, అద్దె ఇంటివారు యజమానితో ముందే మాట్లాడుకోవడం వివేకం. తోడుగా ఉంటుందని ఒకే ఈత పిల్లలను రెండింటిని తెచ్చే ఆలోచన కూడా పని రెట్టింపు చేసేదే. తీరిక లేని ఇళ్లకు, పసిపిల్లలు, వృద్ధులు ఉన్న ఇళ్లకు ఏడాది దాటిన కుక్క చాలాసార్లు మెరుగైన ఎంపిక: దాని పరిమాణం, స్వభావం అప్పటికే కళ్లెదుట ఉంటాయి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ సాధారణంగా పూర్తయి ఉంటుంది, దీపావళి టపాసులకు అది ఎలా స్పందించిందో సిబ్బంది చెప్పగలుగుతారు. పిల్లలనే అడిగేవారి సంఖ్య ఎక్కువ కావడం వల్ల, అటువంటి కుక్కలు అదే షెల్టర్‌లో ఏళ్లు గడుపుతుంటాయి.