వ్యాపార నివేదిక

గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే చోటికి చేరువలో యానాం పట్టణం ఉంది. చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉన్నా, ఇది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. ఫ్రెంచి వర్తకులు 1723లో ఇక్కడ ఒక వర్తక స్థావరం ఏర్పాటు చేశారు. వ్యాపారం గిట్టుబాటు కాక 1727లో దానిని విడిచి వెళ్ళారు. తరువాత మళ్ళీ తిరిగి వచ్చారు. నది అదే, రేవు అదే. పనికిరాదని వదిలిన చోటే పనికివస్తుందని తోచింది. ఇటువంటి నిర్ణయాలు ఊహల మీద కాక వాస్తవాల మీద నిలవాలి. వ్యాపారం స్థితిగతులను ఉన్నవి ఉన్నట్లుగా పరిశీలించి, నిర్ణయం తీసుకొనేవారికి తెలియజేసే రచనే వ్యాపార నివేదిక.

నివేదిక వేరు, ప్రకటన వేరు. ప్రకటన సరుకులోని మంచినే చెబుతుంది. నివేదిక మంచిచెడులు రెండూ చెబుతుంది. వాటిని క్రమపద్ధతిలో పరిశీలించడానికి ఉపయోగపడేది స్వాట్ విశ్లేషణ. బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు అనే అర్థాలనిచ్చే నాలుగు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిసి ఈ పేరు ఏర్పడింది. బలాలు, బలహీనతలు వ్యాపారం లోపలివి. వాటిని ప్రయత్నంతో మార్చుకోవచ్చు. అవకాశాలు, ముప్పులు బయటివి. అవి వ్యాపారం నడిపేవారి అదుపులో ఉండవు. వాటిని ముందుగా గమనించి మసలుకోవాలి.

ఒక ఉదాహరణ చూడండి. యానాంలో చేపలమ్మే పదిమంది స్త్రీలు ఒక సంఘంగా ఏర్పడ్డారనుకోండి. ఏటా వానకాలంలో గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు పులస చేప సముద్రం నుండి నదిలోకి ఎదురీదుతూ వస్తుంది. యానాంలో పులసను వేలంపాటలో కొని, లాభానికి అమ్ముతారు. పుస్తెలమ్మి అయినా పులస తినాలని సామెత. ఆ గిరాకీని చూసి, బ్యాంకు అప్పుతో ఒక బండి, మంచు పెట్టెలు కొనాలని సంఘం తలపెట్టింది.

“పులస పేరు చెబితే చాలు, బ్యాంకువాళ్ళు అప్పిస్తారు. అదే రాయి” అంది పెద్దావిడ.

“పులస వెళ్ళిపోయాక బండి వాయిదా ఎలా కడతాం పెద్దమ్మా?” అని అడిగింది లెక్కలు రాసే అమ్మాయి.

ఆ ప్రశ్నతోనే అసలైన నివేదిక మొదలైంది. ఆ అమ్మాయి కాగితాన్ని నాలుగు గళ్ళుగా విభజించింది. బలాల గడిలో మొదట “పులస” అని రాసి, తరువాత కొట్టివేసింది. చేప రావడం, రాకపోవడం సంఘం చేతిలో లేదు. కాబట్టి అది అవకాశాల గడిలోకి వెళ్ళింది. చేప తాజాదనాన్ని గుర్తించే నేర్పు, వాడుక కొనుగోలుదారుల నమ్మకం సంఘం బలాలు. ఎదుర్లంక వంతెన మీదుగా కోనసీమ వైపునుండీ, రోడ్డు మార్గాన కాకినాడ వైపునుండీ కొనుగోలుదారులు రావడం మరో అవకాశం.

బలహీనతల గడి నింపడం కష్టమైంది. చేపలు నిలవ ఉంచే ఏర్పాటు లేదు. అరువులు సరిగా వసూలు కావడం లేదు. రోజువారీ పద్దు లేదు. ఇవి రాస్తే పరువు పోతుందని కొందరు అన్నారు. దాచినంత మాత్రాన అవి పోవు కదా అని మరికొందరు అన్నారు. చివరికి అన్నీ రాశారు. ముప్పుల గడిలో పులస రాక తగ్గుతూ ఉండటం, ఇతర ప్రాంతాల ఇలస చేపను పులసగా చెప్పి అమ్మేవారి పోటీ, వరదలు చేరాయి. 2022 జూలైలో గోదావరి వరదకు యానాంలోని పల్లపు ప్రాంతాలు నీట మునిగాయి. అటువంటి రోజుల్లో అమ్మకం సాగదు, వాయిదా మాత్రం ఆగదు.

గళ్ళు నింపడంతో నివేదిక పూర్తికాదు. ఒక గడిలోని విషయాన్ని మరొక గడిలోని విషయంతో కలిపి ఆలోచించాలి. పులస కొద్ది నెలలే దొరుకుతుంది, నిలవ చేసే ఏర్పాటు లేదు. ఈ రెండూ కలిపి చూస్తే ముందుగా కావలసినది మంచు పెట్టెలే అని తేలుతుంది. తక్కిన నెలల్లో రొయ్యలు, ఎండుచేపలు అమ్మితే ఏడాది పొడవునా రాబడి ఉంటుంది. అందువల్ల సంఘం బండి ఆలోచన వాయిదా వేసి, పెట్టెలకు సరిపడే చిన్న అప్పే అడగాలని నిర్ణయించింది.

నివేదికకు ఒక క్రమం ఉంది. పైన శీర్షిక, ఎవరికి రాస్తున్నారో, తేదీ ఉండాలి. తరువాత ఉద్దేశం, సమాచారం సేకరించిన విధం, నాలుగు అంశాల పరిశీలన, ముగింపు, సూచనలు వరుసగా రావాలి. వాక్యాలు చిన్నవిగా ఉండాలి. “అమ్మకాలు బాగున్నాయి” అనడం కంటే ఏ నెలలో ఎన్ని కిలోలు అమ్మారో, ఖర్చులు పోగా ఎంత మిగిలిందో రాయడం మేలు. అంచనాను అంచనాగా, లెక్కను లెక్కగా చెప్పాలి.

బలహీనతను దాచిన నివేదిక బ్యాంకును ఒకసారి నమ్మించవచ్చు. కాని వాయిదా కట్టవలసిన రోజున నష్టపోయేది దానిని రాసినవారే. లోపాన్ని ముందుగా కాగితం మీద చూసినవారు దానిని సరిదిద్దుకొనే దారి కూడా వెతుక్కుంటారు.