‘మిస్సింగ్’ – మిస్‌ఫైర్ కోడ్: దోష నిర్ణయంలో మాట విలువ

పాత పెట్రోలు కారు అదురుతూ, ఎంత తొక్కినా ఊపందుకోకపోతే రాయచోటి ప్రాంతంలో ‘బండి మిస్సింగ్ కొడతాంది’ అంటారు. స్కానర్ అదే స్థితిని ‘పీ0302’ అని చూపుతుంది. చివరి అంకె రెండో సిలిండర్‌కు సంకేతం. ‘పీ0300’ అయితే మిస్‌ఫైర్ ఏ ఒక్క సిలిండర్‌కూ పరిమితం కాలేదని అర్థం.

ఈ కోడ్‌ను దోషానికి పేరుగా చదవడంతోనే పొరపాటు మొదలవుతుంది. అది లక్షణానికి పేరు మాత్రమే. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్ తిరిగే ప్రతి 180 డిగ్రీలకూ ఒక సిలిండర్ మండి దాన్ని ముందుకు తోస్తుంది. ఒక తోపు లోపిస్తే షాఫ్ట్ క్షణకాలం మందగిస్తుంది. సెన్సార్ పసిగట్టేది ఆ మందగమనాన్నే. స్పార్క్ రాలేదా, పెట్రోలు అందలేదా, కంప్రెషన్ నిలవలేదా అన్నది దానికి తెలియదు. అందుకే ప్లగ్గులన్నీ మార్చి, కోడ్ తుడిచి పంపిన బండి కొద్దిరోజులకే మళ్లీ షెడ్డుకు రావచ్చు. యజమానికి ఖర్చే మిగులుతుంది.

అనుభవజ్ఞుడైన మెకానిక్ ముందుగా విడిభాగం కొనిపించడు, ఉన్నదాని స్థానం మారుస్తాడు. ప్రతి సిలిండర్‌కూ విడి కాయిల్ ఉంటే రెండోదాన్ని మూడో సిలిండర్‌కు, మూడోదాన్ని రెండోదానికి బిగిస్తాడు. కోడ్ తుడిచి నడిపాక ‘పీ0303’ వస్తే దోషం కాయిల్‌దే. ‘పీ0302’ మళ్లీ వస్తే ప్లగ్గును, ఆపైన ఇంజెక్టర్‌ను ఇలాగే మార్చి చూస్తాడు. పరిసరమంతా యథాతథంగా ఉంచి ఒక్క ధ్వనినే మార్చి వర్ణాన్ని నిర్ణయించే పద్ధతికి ఇది ఎంత దగ్గరో భాషాశాస్త్ర పాఠకులకు చెప్పనక్కరలేదు. ఒకేసారి రెండు మారిస్తే అక్కడా ఇక్కడా ఫలితం చెల్లదు.

ఏది మార్చినా కోడ్ కదలకపోతే కంప్రెషన్ కొలవాలి. తక్కువగా ఉంటే ప్లగ్గు రంధ్రంలో కొద్దిగా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. రీడింగ్ పెరిగితే రింగులు అరిగినట్టు. పెరగకపోతే వాల్వులను, హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి.

మనదేశంలో మిస్‌ఫైర్‌ను కనిపెట్టే ఏర్పాటు 2013 ఏప్రిల్ నుంచి అమలైన ఓబీడీ–2 నిబంధనలతో తప్పనిసరైంది. అంతకుముందరి బండ్లకు చెవే స్కానర్, యజమాని మాటే ఆధారం. ఆ మాట నేటికీ పనికొస్తుంది. కడప నుంచి వస్తూ గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడే మిస్సింగ్ వస్తోందంటే బలహీనపడ్డ కాయిల్‌ను ముందు చూడాలి. భారం పెరిగేకొద్దీ సిలిండర్‌లో ఒత్తిడి పెరిగి, స్పార్క్‌కు మరింత వోల్టేజీ కావలసి వస్తుంది. నిలిపి ఉంచినప్పుడు వచ్చి వేగంలో పోయేదైతే ఇన్‌టేక్ వైపు గాలి లీకు కావచ్చు.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ పదకోశం వృత్తి పదాల సేకరణకు దారి వేసింది. మెకానిక్ షెడ్లకు వెళ్లే పరిశోధకులు ‘మిస్సింగ్’ను ఒంటి పదంగా కాక, ‘ఎక్కేటప్పుడు’, ‘చల్లగా ఉన్నప్పుడు’ వంటి సహచర పదాలతో కలిపి నమోదు చేసుకోవాలి.