రెండు ప్రతులు, రెండు కళ్ళు: కొరియా పాత సినిమాల పునరుద్ధరణ

సాహిత్య విద్యార్థులకు పాఠ పరిష్కరణ గురించి చెప్పవలసి వచ్చినప్పుడల్లా ఒక ఇబ్బంది ఎదురవుతుంది. తాళపత్రాలు, లేఖక ప్రమాదాలు, పాఠాంతరాలు అనగానే అదంతా పండితుల గొడవ అన్న భావం వాళ్ళ ముఖాల్లో కనిపిస్తుంది. ఒక రచన మన చేతికి ఏ రూపంలో వచ్చిందో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో, దారిలో ఏం పోయిందో తెలుసుకోకుండా ఆ రచన మీద చేసే విమర్శ ఎంత బలహీనమో చెప్పడానికి నేను కొంతకాలంగా ఒక దూరపు ఉదాహరణ తీసుకుంటున్నాను. అది కొరియా పాత సినిమాలను వెతికి పట్టుకుని బాగుచేస్తున్న వైనం. అందులోనూ త్రిమితి చిత్రాల పునరుద్ధరణ. మనం కావ్య పరిష్కరణలో ఎదుర్కొన్న ప్రశ్నలన్నీ అక్కడ ఉన్నాయి. మనకు ఎన్నడూ ఎదురుకాని ప్రశ్న కూడా ఒకటి ఉంది.

ముందు చారిత్రక నేపథ్యం చూడాలి. 1910 నుంచి 1945 దాకా కొరియా జపాన్ వలస పాలనలో ఉంది. దేశం రెండు ముక్కలైంది. 1950 నుంచి 1953 దాకా యుద్ధం నడిచింది. ఈ నలభై ఏళ్ళ కల్లోలంలో తీసిన సినిమాల్లో అత్యధిక భాగం నశించింది. 1926లో నా ఉన్-గ్యు తీసిన 'అరిరాంగ్' వలస పాలనను నిరసించిన చిత్రంగా ఆ జాతి జ్ఞాపకంలో నిలిచిపోయింది గాని ఫిల్ము మిగలలేదు. చూసినవారి మాటల్లోనే దాన్ని చూడాలి. మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) సంగతీ అంతే గదా!

అయితే యుద్ధాల మీదనే నేరమంతా మోపితే సత్యం సగమే చెప్పినట్లు. యుద్ధం ముగిసిన తర్వాత కూడా ఫిల్ములు పోయాయి. సినిమా ఆడినన్నాళ్ళు ఆడింది, డబ్బు రాబట్టింది, ఆపైన ఆ రీళ్ళు నిర్మాతకు ఒట్టి సామాను. ఫిల్ములో ఉన్న వెండి కోసం వాటిని కరిగించారు. గడ్డి టోపీల అంచులకు పట్టీలుగా పాత ఫిల్ము వాడేవారని కొరియాలో అందరూ చెప్పుకునే సంగతే. ఒక జాతి కన్నీళ్ళూ నవ్వులూ టోపీల చుట్టూ చుట్టుకుని ఎండలో తిరిగాయన్నమాట. కళను సరుకుగా చూసే వ్యవస్థలో సరుకు అమ్ముడుపోయాక కళకు పట్టే గతి ఇది. తాళపత్రాలు పొయ్యిలోకి పోయిన కథలు విన్న మనకు ఇందులో ఆశ్చర్యం లేదు.

1974లో సియోల్‌లో ఫిల్ము భాండాగారం ఏర్పడింది. అదే ఇవాళ్టి కొరియన్ ఫిల్మ్ ఆర్కైవ్. మన దేశంలో పూణే ఆర్కైవు అప్పటికి పదేళ్ళ ముందే, 1964లో మొదలైంది. కొరియా వారు ఇంట్లో దొరకని వాటి కోసం బయట వెతికారు. 2004 తర్వాత చైనా ఆర్కైవులో వలస కాలపు కొరియా చిత్రాలు కొన్ని బయటపడ్డాయి. వాటిలో యాంగ్ జు-నమ్ 1936లో తీసిన 'మిమొంగ్' ఉంది. ఇల్లూ కూతురూ వదిలి పట్నపు మోజులో పడిన గృహిణి కథ అది. 2007లో ఆన్ జొంగ్-హ్వా 1934లో తీసిన మూకీ, 'యౌవనపు కూడలి', స్వదేశంలోనే దొరికింది. ఇవాళ మిగిలి ఉన్న కొరియా కథాచిత్రాల్లో అన్నిటికన్నా పాతది అదే.

ఇక్కడ ఒక చేదు వైరుధ్యాన్ని గమనించాలి. జనం గుండెల్లో నిలిచిన 'అరిరాంగ్' దొరకలేదు. చైనా నుంచి వచ్చిన రీళ్ళలో కొరియా యువకులను జపాను సైన్యంలో చేరమని ఉద్బోధించే ప్రచార చిత్రాలున్నాయి. 1941 నాటి 'స్వచ్ఛంద సైనికుడు', 1943 నాటి 'చోసన్ జలసంధి' అటువంటివి. పాలకులకు పనికివచ్చిన దానికి నీడ దొరుకుతుంది, పనికిరానిది ఎండకు ఎండి వానకు తడుస్తుంది. మరి ఇటువంటి అవమానకర చిత్రాలను జాతి ధనంతో బాగుచేయాలా? చేయాలనే నా అభిప్రాయం. శత్రువు మన నోటితో ఏం పలికించాడో, మన కళాకారులు ఎక్కడ లొంగారో, ఎక్కడ తప్పించుకోజూశారో తెలియాలంటే ఆ దస్తావేజు ఉండాలి. తమకు నచ్చని పద్యాలను ప్రక్షిప్తాలని ముద్ర వేసి తీసేసిన పరిష్కర్తలు మనకు లేకపోలేదు. కాలం ఏ పని చేసినా, పరిష్కర్త ఆ పని చేయకూడదు.

ఇక బాగుచేయడం అంటే ఏమిటో రెండు ఉదాహరణలు చెబుతాను. కిమ్ కీ-యంగ్ 1960లో తీసిన 'హన్యొ' అంటే పనిమనిషి. కొత్తగా ఎదుగుతున్న మధ్యతరగతి ఇంట్లోకి ఫ్యాక్టరీ పిల్ల పనికి వచ్చి ఆ ఇంటి డొల్లతనాన్ని బయటపెట్టే కథ. దాని మూల నెగటివు 1982లో దొరికింది గాని రెండు రీళ్ళు లేవు. 1990లో ఒక ప్రదర్శన ప్రతి దొరికింది. ఆ రెండు రీళ్ళూ అందులో ఉన్నాయి. అయితే ఆ ప్రతి బాగా పాడైంది, పైగా బొమ్మ మీద పెద్ద పెద్దగా చేతిరాత ఇంగ్లీషు ఉపశీర్షికలు. 2008లో కొరియన్ ఆర్కైవూ, ప్రపంచ సినిమా ఫౌండేషనూ కలిసి కంప్యూటరు సాయంతో ఆ అక్షరాలను తుడిచి, వాటి వెనకున్న బొమ్మను పక్క ఫ్రేముల ఆధారంతో నింపి చిత్రాన్ని పూర్తిచేశారు.

రెండవది యు హ్యున్-మొక్ 1961లో తీసిన 'ఒబల్తాన్', గురి తప్పిన తూటా అని అర్థం. లీ బొమ్-సొన్ కథకు చిత్రరూపం. యుద్ధానంతరం సియోల్ మురికివాడలో, పంటినొప్పికి వైద్యం చేయించుకోలేని చిన్న గుమాస్తా కుటుంబం పతనం అందులో కనిపిస్తుంది. ఆ ఏడాదే వచ్చిన సైనిక ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1963లో శాన్‌ఫ్రాన్సిస్కో ఉత్సవానికి పంపిన ఇంగ్లీషు ఉపశీర్షికల ప్రతి వల్లనే సినిమా బతికింది. ఇప్పుడు మనం చూసేది ఆ ఉపశీర్షికలను తుడిచి తీర్చిన రూపం. ఈ రెండు చిత్రాలనూ కొరియన్ ఆర్కైవు యూట్యూబులో ఉచితంగా ఉంచింది. చూడని మిత్రులు చూడవలసిందిగా కోరుతున్నాను.

వీటిలో పరిష్కరణ సూత్రం స్పష్టమే. ఒక ప్రతిలో లోపించింది మరొక ప్రతి నుంచి తెచ్చుకోవడం. వేమన పద్యాలకు బ్రౌన్ చేయించింది అదే. పలు ప్రతులను ఎదురెదురుగా పెట్టి పోల్చడం, తేడాలను తూచడం, ఒకదాన్ని స్వీకరించడం. అక్షరాలు తుడవడంలో మాత్రం నాకొక శంక ఉంది. ఆ ఇంగ్లీషు అక్షరాలు బొమ్మకు మచ్చలే. కాని నిషేధించబడిన సినిమా ఏ దారిన బతికి బయటపడిందో చెప్పే సాక్ష్యం కూడా అవే. మంచి పరిష్కర్త తాను విడిచిన పాఠాన్ని పుట అడుగున చూపిస్తాడు. అలాగే తుడవక ముందటి రూపాన్ని కూడా భద్రపరచినప్పుడే పునరుద్ధరణ నిజాయితీ గలదవుతుంది. లేకపోతే అది మెరుగు పెట్టడం మాత్రమే.

ఇప్పుడు త్రిమితి చిత్రాల సంగతికి వస్తాను. 1968లో లీ క్యు-ఉంగ్ దర్శకత్వంలో 'మహాబలుడు ఇమ్ క్కొక్‌జొంగ్' వచ్చింది. కొరియాలో తొలి త్రిమితి చిత్రంగా దాన్ని లెక్కిస్తారు. అదే ఏడు ఇమ్ క్వోన్-తెక్ 'మొంగ్‌న్యొ' అనే మరో త్రిమితి చిత్రం తీశాడు. ఈ ప్రయోగాల వెనుక ఛాయాగ్రాహకుడు ఛాంగ్ సొక్-జున్ కృషి ఉంది. 1971లో కొరియా తొలి 70 ఎం.ఎం. చిత్రం 'ఛున్‌హ్యాంగ్ కథ'కు కూడా ఆయనే పనిచేశాడు. పరాయి దేశపు యంత్రాలను కొనే స్తోమత లేని చోట స్వయంగా యంత్రాలు అమర్చుకున్న మనిషి.

కథావస్తువు కూడా గమనించదగ్గది. ఇమ్ క్కొక్‌జొంగ్ పదహారవ శతాబ్దపు మనిషి. కసాయి పని చేసే అంటరాని కులంలో పుట్టాడు. దోపిడీ అధికారుల మీద తిరగబడి, ధనికులను కొల్లగొట్టి 1562లో చంపబడ్డాడు. హొంగ్ మ్యొంగ్-హీ 1928 నుంచి పత్రికలో ధారావాహికంగా రాసిన బృహన్నవల వల్ల ఆ పేరు ఇంటింటికీ చేరింది. రచయిత తర్వాత ఉత్తర కొరియాకు వెళ్ళిపోయాడు, ఆ నవల దక్షిణాన చాలాకాలం నిషేధంలో ఉంది. అయినా ఆ వీరుడి పేరును జనం నుంచి ఎవరూ తీసివేయలేకపోయారు. తెర మీది నుంచి ప్రేక్షకుల మీదికి దూకే తొలి వీరుణ్ణి వెతుక్కున్నప్పుడు ఒక వ్యాపార చిత్రం సైతం ఆ అంటరాని బందిపోటునే ఎన్నుకున్నది.

త్రిమితి చిత్రం ఎలా పనిచేస్తుంది? మన రెండు కళ్ళ మధ్య సుమారు ఆరున్నర సెంటీమీటర్ల ఎడం ఉంది. అందువల్ల ఒకే వస్తువును రెండు కళ్ళూ కాస్త వేరువేరుగా చూస్తాయి. ఆ తేడా నుంచే మెదడు లోతును గ్రహిస్తుంది. త్రిమితి కెమెరా రెండు కటకాలతో రెండు బొమ్మలు తీస్తుంది. వెండి పూత పూసిన తెర మీద రెండింటినీ ఒకేసారి వేస్తారు. ప్రత్యేకమైన కళ్ళజోడు ఏ కంటి బొమ్మను ఆ కంటికే పంపుతుంది. 1984 నాటి మలయాళ చిత్రం 'మై డియర్ కుట్టిచ్చాత్తన్' తెలుగులో 'చిన్నారి చేతన'గా వచ్చినప్పుడు హాలులో ఆ కళ్ళజోళ్ళు పెట్టుకుని చేతులు చాచిన వాళ్ళకు ఈ అనుభవం తెలుసు.

ఇటువంటి చిత్రాన్ని బాగుచేయాలంటే కష్టాలు రెట్టింపవుతాయి. రెండు బొమ్మలు రెండు వేరు రీళ్ళ మీద ఉన్న పద్ధతిలో, ఒక రీలు పోతే మిగిలేది మామూలు సినిమా. ఒక రీలులో నాలుగు ఫ్రేములు తెగిపోతే రెండవ రీలు నాలుగు ఫ్రేములు వెనకబడి నడుస్తుంది, చూసేవాడికి తలనొప్పి వస్తుంది. రెండు బొమ్మలూ ఒకే ఫిల్ము మీద ఉన్న పద్ధతిలో ఆ బెడద లేదు గాని ఒక్కొక్క బొమ్మకు దక్కే చోటు తక్కువ. ఏ పద్ధతిలోనైనా ఒక కంటి బొమ్మ మరొకదాని కంటే వెంట్రుకవాసి పైకో కిందికో జరిగితే కళ్ళు లాగేస్తాయి. పాత రంగు ఫిల్ము కాలక్రమాన గులాబీ రంగుకు తిరుగుతుంది. రెండు ప్రతులూ ఒకే వేగంతో తిరగకపోతే ఒక కంటికి ఒక రంగు, మరో కంటికి మరో రంగు. మామూలు సినిమాలో దుమ్ము మచ్చ తెరకు అంటుకున్నట్లుంటుంది. త్రిమితిలో ఒక కంటి బొమ్మ మీదే ఉన్న మచ్చ మిణుకుమంటూ చూపును వేధిస్తుంది.

ఈ కష్టాల్లో ఒక సదుపాయం కూడా ఉంది. ఎడమ బొమ్మలో చెరిగిన భాగం కుడి బొమ్మలో దాదాపుగా ఉంటుంది, అక్కడి నుంచి తెచ్చుకోవచ్చు. అంటే ప్రతి త్రిమితి చిత్రానికీ పుట్టుకతోనే రెండు ప్రతులు. సరిగ్గా ఇక్కడే మనకు ఎదురుకాని ప్రశ్న వస్తుంది. కావ్య పరిష్కరణలో రెండు ప్రతుల మధ్య తేడా కనిపిస్తే ఒకటి ఒప్పు, ఒకటి తప్పు అనుకుంటాం. తేడాను తొలగించడమే మన పని. త్రిమితి చిత్రంలో ఆ తేడాలోనే లోతు ఉంది, అర్థం ఉంది. ఎడమ బొమ్మను కుడి బొమ్మకు అచ్చంగా సరిపెడితే మచ్చ పోతుంది, దానితో పాటే లోతూ పోతుంది. మనిషి ముఖం అట్టముక్కలా అయిపోతుంది. కాబట్టి పునరుద్ధారకుడు ఏ తేడా కాలం తెచ్చిన గాయమో, ఏ తేడా రెండు కళ్ళ సహజ భేదమో ఫ్రేము ఫ్రేముకూ నిర్ణయించాలి.

ఈ వివేకం సాహిత్యంలో మనకూ అవసరమని నేననుకుంటున్నాను. ఒకే బుర్రకథను రెండు దళాలు రెండు విధాలుగా చెబుతాయి. ఒకే పాటను రెండు జిల్లాల కూలీలు రెండు విధాలుగా పాడతారు. మనం రెండింటినీ కలిపి ఒక 'శుద్ధ పాఠం' తయారుచేసి అచ్చువేస్తాం. ఆ తేడాల్లో ఎన్ని లేఖక ప్రమాదాలు, ఎన్ని రెండు జీవితాల రెండు చూపులు? రెండవ రకాన్ని సవరిస్తే మనం జనం పాటను చదును చేసినవాళ్ళమే అవుతాం.

చివరగా విలువల ప్రశ్న. త్రిమితి చిత్రాలను విమర్శకులు చాలాకాలం సంతలో గారడీగా కొట్టిపారేశారు. 1976లో అమెరికా, కొరియా ఉమ్మడిగా తీసిన రాకాసి కోతి చిత్రం 'ఏప్' వంటివి ఆ అభిప్రాయాన్ని బలపరిచాయి. ఇమ్ క్వోన్-తెక్ సంగతే చూడండి. పాన్‌సోరి గాయకుల జీవితం మీద 'సొప్యొంజె' (1993) తీసి, 2002లో కాన్ ఉత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి అందుకున్న ఆయన, తొలినాళ్ళలో గబగబా తీసిన వ్యాపార చిత్రాలను తర్వాత తానే లెక్కచేయలేదు. రచయితే వద్దన్న రచనను మనం దాచాలా? దాచాలి. పెద్ద కళాకారుడు ఏ బేరసారాల మధ్య, ఏ పొట్టకూటి పనుల మధ్య పెరిగాడో అవే చెబుతాయి. గొప్పవని ముందే నిర్ణయించిన వాటినే దాచుకుంటే, ఆ నిర్ణయం తప్పని రుజువుచేసే సాక్ష్యాన్ని మనమే కాల్చినవాళ్ళమవుతాం. మానవల్లి రామకృష్ణకవి గారు 1909లో నన్నెచోడుని 'కుమారసంభవం' అచ్చువేసేదాకా మన సాహిత్య చరిత్రలో ఆ కవికి చోటే లేదన్నది మరువకూడదు.

కాబట్టి ఈ పత్రిక పాఠకులకు, ముఖ్యంగా విద్యార్థి మిత్రులకు, ఒక పని సూచిస్తున్నాను. మీ ఊళ్ళో చిన్న పత్రికల పాత సంచికలు, నాటక దళాల రాతప్రతులు, అట్టలూడిన పాటల పుస్తకాలు ఎక్కడో అటకల మీద ఉంటాయి. ఏది గొప్పదో తేల్చడం తర్వాత చేయవచ్చు. ముందు ఏది ఎవరి దగ్గర ఉందో రాసి పెట్టండి. ఒకదానికి రెండు ప్రతులు దొరికితే రెండూ దాచండి. రెండింటికీ పొంతన కుదరలేదని ఒకదాన్ని పారేయకండి.