సారు ఏ వాడ నుంచి వస్తారు?

తెలుగు తెర మీద ఆదర్శ ఉపాధ్యాయుడు తరచుగా బయటి నుంచే వస్తాడు. ఊళ్లో బస్సు దిగుతాడు, అక్కడి వెనుకబాటును చూసి చలిస్తాడు, పిల్లలను గట్టెక్కిస్తాడు. వెంకీ అట్లూరి దర్శకత్వంలో ధనుష్ నటించగా 2023 ఫిబ్రవరిలో విడుదలైన ‘సార్’ ఈ కోవలోదే. ప్రైవేటు విద్యావ్యాపారాన్ని ఎదిరించి, ప్రభుత్వ జూనియర్ కళాశాలను నిలబెట్టిన గణిత అధ్యాపకుడి కథ అది. వాణిజ్య చిత్రమై ఉండి కూడా విద్యార్థుల నడుమ కులపు గీతలను చూపినందుకు దానిని అభినందించాలి. అయితే మాస్టారి చొరవతో ఆ గీతలు ఇట్టే చెరిగిపోతాయి. కులం అంటే పిల్లల మనసుల్లోని అపోహ మాత్రమేనన్న భావన ప్రేక్షకుడికి మిగులుతుంది.

బయటివాడు ఎవరన్నది ఇక్కడ అసలు ప్రశ్న. గయానాలో పుట్టిన ఇ.ఆర్. బ్రైత్‌వైట్ రచన ఆధారంగా 1967లో వచ్చిన ‘టు సర్, విత్ లవ్’లో సిడ్నీ పోయిటియర్ పోషించిన పాత్ర ఇంజనీరుగా అవకాశం దొరకక, లండన్ తూర్పు పేటలోని బడికి పంతులుగా వెళ్లిన నల్లజాతీయుడు. అక్కడ పరీక్ష విద్యార్థులకే కాదు, సారుకూ ఉంది. మన దేశంలో ఇంతకంటే బలమైన కథ ఉంది. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో ఆచార్యుడిగా చేరిన అంబేడ్కర్, తమ కుండలోని నీళ్లు తాగరాదని తోటి అధ్యాపకులే అభ్యంతరపెట్టారు.

తెలుగు నేలకూ ఇటువంటి చరిత్ర ఉంది. జాషువా ఉపాధ్యాయుడిగా పనిచేశారు. బోయి భీమన్న ‘పాలేరు’ నాటకం చదువుకుని అధికారి అయిన పాలేరును రంగస్థలం మీద నిలబెట్టింది. 1938లోనే గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీసి అస్పృశ్యతను ప్రశ్నించారు. ఇంత వారసత్వం ఉండి కూడా, అగ్రకుల పిల్లలకు పాఠం చెప్పే దళిత ఉపాధ్యాయుడు ప్రధాన స్రవంతి చిత్రాలకు నాయకుడు కావడం అరుదు.

ఎల్వీ ప్రసాద్‌ను చిత్రసీమకు ఇచ్చిన సోమవరప్పాడు ఏలూరు పక్కనే ఉంది. రేపు ఎవరైనా ఈ ప్రాంతంలో మాస్టారి సినిమా తీస్తే ఏం చూపుతారు? కొల్లేటిలో పడవ, ఆటపాక పక్షులు, పెద్దింట్లమ్మ జాతర. లంక గ్రామాల వడ్డి కులస్థులూ దళితులూ పాటల్లో గుంపుగా కనిపించవచ్చు. పేదల సహకార సంఘాల పేరిట ఉన్న చేపల చెరువులు పెట్టుబడిదారుల చేతుల్లోకి ఎలా పోయాయి? 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ కింద గట్లు తెగినప్పుడు ఎవరి బతుకు తెగింది? బుడమేరు, తమ్మిలేరు పొంగినప్పుడు ఎవరి పిల్లల చదువు ఆగుతుంది? ఈ సంగతులు తెలియని కథకుడికి ఆ పిల్లల ముఖాలు నేపథ్యం మాత్రమే.

ప్రాతినిధ్యం అంటే తెర మీద నల్లని ముఖాల లెక్క కాదు. కథను నడిపే అధికారం ఎవరి చేతిలో ఉందన్నదే దాని కొలమానం. కథారచన, దర్శకత్వం, నిర్మాణం కొన్ని కులాల చేతుల్లోనే ఉన్నంతకాలం అణగారినవారు రక్షణ కోసం ఎదురుచూసే పాత్రలుగానే మిగులుతారు. తాడేపల్లిగూడెం ఎన్ఐటీలోనో, ఏలూరు సి.ఆర్. రెడ్డి కళాశాలలోనో చదివి, లంక గ్రామానికే తిరిగివచ్చి నల్లబల్ల ముందు నిలిచిన యువతి కథకు మన సినిమాలో చోటు దొరకాలి. ఆ కథను రాసే కలం కూడా ఆ వాడదే కావాలి.